యాంకో టిప్సారెవిచ్ తొలి టైటిల్‌కు ఇరవై ఏడేళ్ల దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది?

ప్రశ్న

సెర్బియా టెన్నిస్ గురించి ఎక్కడ మాట మొదలైనా రెండో వాక్యానికే జొకోవిచ్ దగ్గరికి చేరుతుంది కాబట్టి, ఈసారి కావాలనే యాంకో టిప్సారెవిచ్ గురించి అడుగుతున్నాను. 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ సింగిల్స్ గెలిచిన ఈ బెల్‌గ్రేడ్ కుర్రవాడు ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్) స్థాయిలో మొదటి టైటిల్ అందుకునేసరికి 2011 వచ్చింది. 2010 చివర 49వ ర్యాంకులో ఉన్నవాడు ఏడాది తిరిగేసరికి 9వ ర్యాంకుకు ఎగబాకాడు. 2012 ఏప్రిల్‌లో 8వ స్థానాన్ని కూడా చూశాడు. 2013 తరువాత మాత్రం పెద్ద టోర్నీల చివరి దశల్లో అతని పేరు కనబడలేదు. ప్రతిభ మొదటి నుంచీ ఉన్నదే అయితే ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? వచ్చిన మంచి కాలం రెండేళ్లకే ఎందుకు ముగిసింది? అతని ఆటను దగ్గరగా గమనించినవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

ప్రతిభ విషయంలో అనుమానం ఉంటే 2008 ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ చాలు. అప్పటి ప్రపంచ నంబర్ వన్ ఫెదరర్ అతన్ని దాటడానికి 6-7, 7-6, 5-7, 6-1, 10-8తో అయిదు సెట్లు ఆడవలసి వచ్చింది. అదే ఏడాది వింబుల్డన్‌లో రాడిక్‌ను ఓడించాడు. బంతి పైకి లేస్తుండగానే బేస్‌లైన్ (కోర్టు వెనుక గీత) మీద నిలబడి చదునుగా కొట్టగల ఆటగాడికి ఏ రోజైనా ఎవరినైనా ఇబ్బంది పెట్టే శక్తి ఉంటుంది. అయితే మెల్‌బోర్న్‌లో ఫెదరర్‌తో అలా పోరాడినవాడు, ఎవరూ పట్టించుకోని చిన్న టోర్నీలో మంగళవారం మధ్యాహ్నం కూడా అంతే పట్టుదలతో ఆడితేనే ర్యాంకు పెరుగుతుంది. అప్పట్లో టిప్సారెవిచ్‌కు లేనిది అదే.

నా అభిప్రాయంలో మలుపు 2010 డేవిస్ కప్, అంటే దేశాల జట్ల మధ్య జరిగే పోటీ. సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో చెక్ రిపబ్లిక్‌తో జరిగిన సెమీఫైనల్లో అతను ఆ ఏటి వింబుల్డన్ రన్నరప్ బెర్డిచ్‌ను ఓడించాడు. పోరు 2-2తో సమంగా ఉన్నప్పుడు స్టెపానెక్‌ను వరుస సెట్లలో ఓడించి జట్టును ఫైనల్‌కు చేర్చాడు. ఫ్రాన్స్‌తో జరిగిన ఫైనల్లో మొదటి మ్యాచ్‌ను మాత్రం మోన్‌ఫిస్‌కు కోల్పోయాడు. నిర్ణాయక విజయం జట్టు సహచరుడు ట్రొయిట్‌స్కీది కావడంతో అందరికీ అదే గుర్తుండిపోయింది గాని, టిప్సారెవిచ్ సాధించిన ఆ రెండు విజయాలు లేకపోతే సెర్బియాకు ఫైనలే లేదు. ఆ మరుసటి ఏడాది అతను అయిదు ఫైనల్స్ ఆడి కౌలాలంపూర్, మాస్కో టైటిళ్లు గెలిచాడు. నవంబరులో, ఏటా తొలి ఎనిమిది మందికే జరిగే లండన్ ఏటీపీ ఫైనల్స్‌కు ప్రత్యామ్నాయ ఆటగాడిగా వెళ్లి, మర్రే తప్పుకోవడంతో కోర్టులో దిగి, బెర్డిచ్‌పై మ్యాచ్ పాయింట్ దాకా వచ్చి ఓడిపోయి, ఆపైన జొకోవిచ్‌ను 3-6, 6-3, 6-3తో ఓడించాడు. ఆ ఏడాది మొత్తంలో జొకోవిచ్ ఓడిన మ్యాచ్‌లు ఆరే. 2012లో మాడ్రిడ్‌లోనూ, వివాదాస్పదమైన ఆ నీలిరంగు మట్టి కోర్టు మీద, మళ్లీ అతన్నే ఓడించాడు.

రెండో సమాధానం

పై విశ్లేషణతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఒక విషయాన్ని దాటవేయడం న్యాయం కాదు. టిప్సారెవిచ్ ఎన్నో మ్యాచ్‌లను మధ్యలోనే వదిలేశాడు. 2011 ఈస్ట్‌బర్న్ ఫైనల్లో సెప్పీతో మూడో సెట్‌లోనూ, అదే ఏడాది యూఎస్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో జొకోవిచ్‌తో నాలుగో సెట్‌లోనూ, 2013 ఆస్ట్రేలియన్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో అల్మాగ్రోతో రెండో సెట్‌లోనూ తప్పుకున్నాడు. 2012 యూఎస్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్లో ఫెరర్‌తో అయిదో సెట్ టై బ్రేక్ దాకా పోరాడిన మనిషి కూడా ఇతడే కాబట్టి ధైర్యం లేదని అనను. అయినా గ్రాండ్‌స్లామ్ సెమీఫైనల్ ఒక్కటి కూడా ఆడని టాప్ టెన్ ఆటగాడిని, డేవిస్ కప్ ఎంత గొప్పదైనా, ఆ తరంలోని మొదటి వరుసలో కూర్చోబెట్టలేము.

మూడో సమాధానం

మన వైపు నుంచి చూస్తే అతని మంచి కాలానికి రెండు చివరలూ భారత్‌తో ముడిపడి ఉన్నాయి. డేవిస్ కప్ గెలిచిన కొద్ది నెలలకే, 2011 మార్చిలో సెర్బియాలోని నోవీ సాద్‌లో భారత్‌తో జరిగిన డేవిస్ కప్ పోరులో, సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ అతన్ని వరుస సెట్లలో ఓడించాడు. ఆ పోరును సెర్బియా 4-1తో గెలవడంతో ఈ ఫలితం చాలామందికి గుర్తు లేదు. 2012 జనవరిలో చెన్నై ఓపెన్ ఫైనల్లో రావోనిచ్‌తో ఆడిన మూడు సెట్లూ టై బ్రేక్‌కే వెళ్లాయి, చివరి రెండూ రావోనిచ్‌కు దక్కాయి. నుంగంబాక్కం స్టేడియంలో ప్రేక్షకులు మాత్రం అతన్ని తమవాడిగానే చూసుకున్నారు, ఎందుకంటే అదే టోర్నీలో లియాండర్ పేస్‌కు జోడీగా డబుల్స్ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది తిరిగి వచ్చి, బౌటిస్టా అగుట్‌పై మొదటి సెట్ కోల్పోయి కూడా 3-6, 6-1, 6-3తో సింగిల్స్ గెలిచాడు. అతని నాలుగు ఏటీపీ సింగిల్స్ టైటిళ్లలో అదే చివరిది.

నాలుగో సమాధానం

ప్రశ్నలోని రెండో భాగానికి ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. 2013 చివర మడమ గాయంతో అతను ఆగిపోయాడు. అప్పుడే బెల్‌గ్రేడ్‌లో చెక్ జట్టుతో జరిగిన డేవిస్ కప్ ఫైనల్‌కు దూరమయ్యాడు, సెర్బియా 2-3తో ఓడింది. పాదంలో ఏర్పడిన కణితికి, అది ప్రమాదకరమైనది కాకపోయినా, శస్త్రచికిత్స అవసరమై 2014 సీజన్ మొత్తం పోయింది. 2015లో తిరిగి వచ్చాక ఏటీపీ కంటే కింది మెట్టు అయిన చాలెంజర్ టోర్నీల స్థాయి నుంచి మళ్లీ మొదలుపెట్టి 2017లో తొలి వందలోకి చేరాడు. ఆ వెంటనే తొడ కండరాల శస్త్రచికిత్సలు 2018ని కూడా మింగేశాయి. పైన మధ్యలో తప్పుకున్న మ్యాచ్‌ల జాబితా ఇచ్చినవారు ఈ కాలక్రమాన్ని కూడా పక్కన పెట్టుకుని చూడాలని నా మనవి. డబ్బు కోసమో ర్యాంకు కోసమో అయితే 2014లోనే ఆట మానేయవచ్చు. అతను మాత్రం 2019 నవంబరులో మాడ్రిడ్‌లో జరిగిన డేవిస్ కప్ ఫైనల్స్ దాకా, ముప్పై అయిదేళ్ల వయసులో సెర్బియా జట్టు సభ్యుడిగానే ఆటకు వీడ్కోలు పలకడానికి ఆగాడు.