అప్‌డేట్: యూనివర్సిటీ కొత్త ఈతకొలను, జిమ్ సామాన్ల సంగతి

మా యూనివర్సిటీ కొత్త జిమ్, ఈతకొలను భవనానికి సామాను ఏది ముందు కొనాలని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, వచ్చే వారమే తెరుస్తున్నాం.

టచ్‌ప్యాడ్ల గురించి హెచ్చరించిన వారికి రుణపడి ఉంటాను. పోటీల్లో టైమ్ నమోదు చేసే ఆ పలక మందం సెంటీమీటరే. కానీ మా 25 మీటర్ల కొలను రెండు చివరి గోడలకూ బిగిస్తే పొడవులో 2 సెంటీమీటర్లు పోతాయి. పలకల మధ్య దూరం 25 మీటర్లకు కాస్త తగ్గినా అంతర్జాతీయ నిబంధనలు ఒప్పుకోవు. ఆర్డర్ పెట్టే ముందు లేజర్‌తో కొలిపించాం. గోడ నుంచి గోడకు 25 మీటర్ల రెండున్నర సెంటీమీటర్లు! టెన్షన్ తీరింది.

స్టార్టింగ్ బ్లాకులు, అంటే ఈతగాళ్లు నీళ్లలోకి దూకే దిమ్మెలు, మాత్రం ఒకవైపే పెట్టాం. అక్కడ లోతు కనీసం 1.35 మీటర్లు ఉండాలి, రెండో వైపు అంత లేదు.

క్లోరిన్, యాసిడ్ ఒకే గదిలో పెట్టబోయారు. కలిస్తే విషవాయువు వస్తుందని గట్టిగా చెప్పి వేరు గదులు ఇప్పించాను.

ట్రెడ్‌మిల్లుల సంఖ్య తగ్గించి ఆ డబ్బుతో పూల్ లిఫ్ట్ కొన్నాం. నిన్న ట్రయల్‌లో వీల్‌చెయిర్ వాడే ఒక విద్యార్థిని దాని మీద కూర్చుని మెల్లగా నీళ్లలోకి దిగింది. నడుము దాకా నీళ్లు రాగానే రెండు చేతులతో నీటిని చరిచి గట్టిగా నవ్వింది. ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన కొనుగోలు అదే.