గోధుమ పడని పిల్లవాడికి నెల్లూరు, ఒంగోలు దుకాణాల్లో కొనదగిన తినుబండారాలు ఏవి?

ప్రశ్న (కావలి నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా బాబుకు ఎనిమిదేళ్లు. వయసుకు తగిన ఎదుగుదల లేక, ఎన్ని నెలలు ఐరన్ మందు పోసినా రక్తం పట్టక, అన్నం తిన్న గంటకే పొట్ట ఉబ్బి బాధపడుతుంటే నెల్లూరులో ఉదరకోశ వైద్యునికి చూపించాము. ఆయన టీటీజీ అనే రక్తపరీక్ష, ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి తీసిన ముక్క పరీక్ష చేయించి, ఇది సీలియాక్ వ్యాధి అని తేల్చారు. గోధుమలోను, బార్లీలోను ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఇక జీవితాంతం వాడి నోట్లోకి వెళ్లకూడదని చెప్పారు.

ఇంటి భోజనం విషయంలో నాకు పెద్ద దిగులు లేదు. ఇడ్లీ, దోసె, అన్నం, పప్పు, చేపల పులుసు, ఇవన్నీ వాడు ముందునుంచీ తినేవే. నా బాధంతా సాయంత్రం బడి నుంచి రాగానే అడిగే చిరుతిండి గురించి, తోటి పిల్లల పుట్టినరోజుల గురించి, బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు గురించి. మొన్న మా వీధి దుకాణంలో రాగి బిస్కెట్లని పెద్ద అక్షరాలతో కనిపిస్తే సంతోషంగా కొన్నాను. ఇంటికి వచ్చి వెనుకవైపు చదివితే మొదటి పేరు గోధుమ పిండి, నాలుగో పేరు రాగి పిండి. వాడు అప్పటికే ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అది లాక్కున్నప్పుడు వాడి ముఖం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన జిల్లాల్లో, దుకాణంలో కొని నిశ్చింతగా బిడ్డ చేతిలో పెట్టగలిగినవి ఏమున్నాయి? మిఠాయి దుకాణాల్లో విడిగా అమ్మేవి పెట్టవచ్చా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఈసారి నెల్లూరు రొట్టెల పండుగకు బాబు పేరున ఆరోగ్య రొట్టె పట్టాలని, అంటే ఆరోగ్యం కోరుకుని చెరువులో ఒకరి చేతి రొట్టె అందుకుని తినాలని, మా అత్తగారు మొక్కుకున్నారు. ఆ రొట్టె వాడు తినకపోతే ఎలాగని ఆవిడ మథనపడుతున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (ఒంగోలు నుంచి)

అమ్మా, మా అమ్మాయికి ఈ జబ్బు బయటపడి ఆరేళ్లయింది. మీరు పడిన బాధ మేమూ పడ్డాము. మొదట ఒక మాట చెబుతాను: మీకు ఇంకా పిల్లలుంటే వారికి కూడా, మీ దంపతులకు కూడా ఆ రక్తపరీక్ష చేయించండి. ఇది కుటుంబాల్లో వచ్చే జబ్బు. పరీక్ష అయ్యేదాకా వారెవరూ గోధుమ మానకూడదు. మానేస్తే పరీక్షలో జబ్బు దొరకకుండా పోవచ్చు.

ఇక దుకాణం సంగతి. ప్యాకెట్ ముందువైపు రాసింది వదిలేసి వెనుకవైపు చదవడం అలవాటు చేసుకోండి. పదార్థాల పేర్లను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది నియమం కాబట్టి, మీరు చూసిన రాగి బిస్కెట్లో రాగి ఎంత తక్కువో ఆ వరుసే చెప్పింది. గోధుమ వంటి గ్లూటెన్ ధాన్యాలు ఉంటే అలర్జీ సమాచారంలో విడిగా చెప్పడం కూడా తప్పనిసరి. గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. తక్కువ గ్లూటెన్ అనే మరో మాట కూడా ఉంది. దానికి 100 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంటుంది కనుక అది మన పిల్లలకు పనికిరాదు.

గోధుమ అన్న మాట కనిపించకుండానే గోధుమ ఉండే పేర్లు కొన్ని ఉన్నాయి. మైదా, సూజీ, సెమోలినా, బొంబాయి రవ్వ, దలియా అన్నీ గోధుమే. మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అంటే సాధారణంగా బార్లీ. పాలలో కలుపుకునే మాల్ట్ పొడులు, చాలా రకాల కార్న్‌ఫ్లేక్స్ ఈ కారణంగానే మనకు దూరం. మాల్టోడెక్స్‌ట్రిన్ మాత్రం వేరు. అది మన దేశంలో ఎక్కువగా మొక్కజొన్న పిండిపదార్థం నుంచి తీసేది. పేరు చూసి మొదటి ఏడాదంతా మేము అనవసరంగా భయపడ్డాము. రాగి సేమియా, చిరుధాన్యాల నూడుల్స్ అని అమ్మేవాటిలో కూడా గోధుమ పిండి కలిసినవి చాలా ఉన్నాయి. బియ్యపు సేమియా, బియ్యపు నూడుల్స్ అయితే వెనుక ఒక్క బియ్యం పేరే ఉందో లేదో చూసి కొనండి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఓట్స్ పొలంలోనూ మరలోనూ గోధుమతో కలిసిపోయే ధాన్యం కాబట్టి, వైద్యుడు చెప్పేదాకా వాటి జోలికి పోకండి.

మా ఇంట్లో డబ్బాలో ఎప్పుడూ ఉండేవి ఇవి: ప్యాకెట్‌గా కట్టి అమ్మే శనక్కాయల పట్టీలు, నువ్వుండలు, బొరుగుల ఉండలు, ఉప్పు మాత్రమే వేసిన బంగాళాదుంప చిప్స్, ఇంట్లో వేయించుకునే మొక్కజొన్న పేలాలు, పూతరేకులు. మసాలా చిప్స్ అయితే ప్రతిసారీ చదవాలి. ఐస్‌క్రీమ్ కప్పులో కొనండి, కోన్ గోధుమతో చేసేది. మేము మొన్నటిదాకా కొన్న రకంలోనే కంపెనీవారు పదార్థాలు మార్చిన సందర్భం ఒకటి ఎదురైంది. అందుకే తెలిసిన ప్యాకెట్‌నైనా కొన్నప్పుడల్లా చదువుతాను.

మిఠాయిల విషయంలో నా అనుభవం మంచిదే. ఒంగోలు మైసూర్‌పాక్‌లో శనగపిండి, చక్కెర, నెయ్యి తప్ప వేరే ఏమీ ఉండవు. మేము పండుగలకు అదే కొంటాము.

జవాబు 2 (నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట)

పై జవాబులో చెప్పినవాటిలో చివరి మాట ఒక్కటి సవరించవలసి ఉంది. నేను పదకొండేళ్లు మిఠాయి వంటశాలలో పనిచేశాను. పెద్దవారు అన్నట్టు మైసూర్‌పాక్ తయారీలో గోధుమ ఉండదు, ఆ మాట నిజం. అయితే దేనితో చేశారన్నదానితో పాటు ఎక్కడ చేశారన్నది కూడా చూడాలి. చాలా వంటశాలల్లో ఒకే బల్ల మీద పొద్దున బాదుషా పిండి మర్దిస్తారు, మధ్యాహ్నం బూందీ లడ్డు కడతారు. మైదా దుమ్ము గాలిలో లేచి చుట్టుపక్కల పళ్లేల మీద పడుతుంది. సమోసాలు తీసిన నూనెలోనే జంతికలు వేస్తారు. అమ్మే చోట కాజా తీసిన చేత్తోనే లడ్డు తీస్తారు. మామూలు మనిషికి ఇందులో తప్పేమీ లేదు. ఈ బిడ్డకు మాత్రం ఆ కొంచెమే హాని చేస్తుంది.

చూపుకు ఒకేలా ఉండి మోసపుచ్చేవి కొన్ని ఉన్నాయి. జాంగ్రీ మినపపిండితో చేస్తారు, జిలేబీ మైదాతో చేస్తారు. తెలియనివారికి రెండూ ఒకటే. గులాబ్ జామూన్, గవ్వలు, కజ్జికాయలు, బొబ్బట్లు, బాదుషా మైదావే. మన నెల్లూరు మలై కాజాలో కోవాతో పాటు మైదా కూడా పడుతుంది కాబట్టి, ఊరి పేరు చెప్పుకునే మిఠాయే అయినా ఈ బిడ్డకు వద్దు. సున్నుండలు, అరిసెలు, కొబ్బరి లౌజు, పాలకోవా, పూతరేకులు స్వభావసిద్ధంగా గోధుమ లేనివి.

ఇంగువను ఎవరూ అనుమానించరు. బజారులో దొరికే ఇంగువ శుద్ధమైన ఇంగువ కాదు. జిగురు, పిండి కలిపి చేసిన మిశ్రమం. ఆ పిండి చాలా రకాల్లో మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. జంతికలు, చెక్కలు, కారప్పూస, అప్పడాలు, పచ్చళ్లు, సాంబారు పొడి అన్నిటిలోకీ అది వెళుతుంది. ఇంట్లో ఉన్న ఇంగువ డబ్బా కూడా తీసి చదవండి.

కొనాలనుకుంటే ఒక మార్గం చెబుతాను. చిన్న దుకాణం యజమానిని కలిసి, బిడ్డ జబ్బు వివరంగా చెప్పి, వంట మొదలయ్యే వేళకు ముందే, కడిగిన బాణలిలో కొత్త నూనెతో లేదా కొత్త నేతితో రెండు కిలోలు విడిగా చేసి, చేసిన వెంటనే డబ్బాలో పెట్టి ఇవ్వమని అడగండి. శనగపిండి బయటిది వద్దని, మీరే పప్పు పట్టించి ఇస్తామని చెప్పండి. ఇలా అడిగినవారికి మేము చేసి ఇచ్చేవాళ్లం. పండుగ రోజుల్లో మాత్రం అడగకండి, ఆ హడావుడిలో ఎవరూ మాట నిలబెట్టుకోలేరు.

జవాబు 3 (పొదిలి దగ్గర)

మాది పిండి మర. పప్పు పట్టించి ఇమ్మన్నారు కదా, ఆ దగ్గరే ఒక హెచ్చరిక చెప్పాలి. మా మరలో గోధుమ పట్టిన తరువాత రాళ్ల మధ్యన, గొట్టంలో, సంచిలో పిండి మిగిలే ఉంటుంది. ఆ తరువాత మీరు రాగులు పోసినా, జొన్నలు పోసినా మొదట వచ్చేది గోధుమ కలిసిన పిండే. ముందుగా రెండు కిలోల బియ్యం పట్టి పారబోస్తే తగ్గుతుంది, పూర్తిగా పోతుందని నేను హామీ ఇవ్వలేను. ఈ జబ్బు ఉన్నవారికి నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను: బజారు పిండి గాని, మర పిండి గాని కొనకండి, గింజ కొనండి. మా మెట్ట ప్రాంతంలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ ఇప్పటికీ దొరుకుతాయి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నప్పటి నుంచి పట్టణాల్లోనూ అమ్మే చోట్లు పెరిగాయి. గింజల్లో గోధుమ గింజ కలిసి ఉందేమో చేటలో పోసి ఏరండి, కడిగి ఎండబెట్టండి, ఇంట్లో మిక్సీలోనైనా, చిన్న మరలోనైనా పట్టుకోండి. శనగపిండి కూడా అంతే. బయటి శనగపిండితో బజ్జీలు వేసుకుని, గోధుమ మానినా జబ్బు తగ్గలేదేమని బాధపడినవారిని చూశాను.

జవాబు 4 (నెల్లూరు, మాగుంట లేఅవుట్)

నాకు నలభై ఏళ్ల వయసులో ఈ జబ్బు తేలింది. మన దుకాణాల్లో గ్లూటెన్ లేని వస్తువులు ఎందుకు కనిపించవని మొదట నాకు కోపం వచ్చేది. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తర భారతంలో ఈ జబ్బు నూటికి 1.23 మందిలో కనిపిస్తే, దక్షిణాన 0.10 మందిలో మాత్రమే కనిపించింది. అడిగేవారు లేనప్పుడు అమ్మేవారు తెప్పించరు. అందుకే వీఫ్రీ వంటి, ఈ అవసరం కోసమే ఉన్న కంపెనీల పిండి, బిస్కెట్లు నేను ఆన్‌లైన్‌లోనే తెప్పించుకుంటాను. చెన్నై వెళ్లినప్పుడు పెద్ద దుకాణాల్లో చూసి నెలకు సరిపడా తెచ్చుకుంటాను. మామూలు వాటికంటే ధర రెండు మూడు రెట్లు ఉంటుంది. బ్రెడ్ తెప్పిస్తే వచ్చిన రోజే ముక్కలుగా విడదీసి ఫ్రీజర్‌లో పెట్టి, కావలసినప్పుడు పెనం మీద కాల్చుకోవాలి. లేకపోతే రెండు రోజుల్లో ఇసుకలా రాలిపోతుంది. ఇంట్లో టోస్టర్ ఉంటే అందులో వేయకండి, మీరు కాల్చుకున్న గోధుమ బ్రెడ్ పొడి అందులో ఉంటుంది.

అయితే ఈ బిస్కెట్లను ఆహారంగా భావించవద్దు. వాటిలో చాలావరకు బియ్యప్పిండి, కర్రపెండలం పిండి, చక్కెర, నూనె ఉంటాయి, పీచు, ఇనుము తక్కువ. రక్తహీనత ఉన్న బాబుకు రోజూ నువ్వుండ, రాగి అట్టు, బెల్లం శనక్కాయలు పెట్టి, ప్యాకెట్ బిస్కెట్ పుట్టినరోజులకు దాచండి. ఇదే జబ్బున్న మా అక్క కొడుకు బడిలో ఉపాధ్యాయురాలి దగ్గర ఒక డబ్బా ఉంచుతాము, ఎవరైనా కేకు పంచినప్పుడు అందులోంచి వాడికి నచ్చినది ఇస్తారు.

మీ అత్తగారి మొక్కు గురించి. నేను పుట్టిందీ పెరిగిందీ నెల్లూరే. స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా ఒడ్డున ఏటా నేను రొట్టె పడుతూనే ఉన్నాను. జబ్బు తేలిన తరువాత రెండేళ్లుగా నేను పట్టిన రొట్టెను కళ్లకద్దుకుని మా అమ్మ చేతికి ఇస్తున్నాను, నా తరఫున ఆమె తింటోంది. బిడ్డ ఆరోగ్యం కోసం పట్టే రొట్టెను పెద్దావిడే తినవచ్చు. వచ్చే ఏడాది తిరిగి ఇచ్చేటప్పుడు జొన్నరొట్టె చేసుకుని వెళ్లండి. బాబు చేతితోనే నీళ్లలో నిలబడి ఇప్పించండి.

ప్రశ్న అడిగిన తల్లి

మీ అందరి మాటలు చదివి మూడు వారాలు ఆగి రాస్తున్నాను. ముందుగా వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా తిప్పి చూశాను, మైదా అని స్పష్టంగా రాసి ఉంది. ఆర్నెల్లుగా గోధుమ మాన్పించామనుకుంటూ, రోజూ పప్పు తాలింపులో మేమే వేస్తున్నామన్నమాట. దానిని తీసేసి బియ్యప్పిండితో చేసిన ఇంగువ తెప్పించాను. సాంబారు పొడి ఇంట్లోనే కొట్టుకున్నాము.

మా వీధి చివరి మిఠాయి దుకాణం ఆయన నా మాట ఓపికగా విని, తెల్లవారుజామున నాలుగింటికి రమ్మన్నారు. మేము ఇంట్లో పట్టిన శనగపిండి, మా నెయ్యి ఇచ్చాము. కడిగిన బాణలిలో, మొదటి వాయిగా కిలోన్నర మైసూర్‌పాక్ చేసి ఇచ్చారు. కూలి తీసుకోలేదు. బాబు బడి డబ్బాలో ఆరు ముక్కలు పెట్టి ఉపాధ్యాయురాలికి అప్పగించాను.

రొట్టె సంగతి మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, జొన్నలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమన్నారు. పొదిలి పెద్దవారు వీలైతే గింజలు ఎవరి దగ్గర కొనవచ్చో చెప్పగలరు.