ఎరువు చిమ్మే బండి ఎవరిది: కెంప్‌దా, ఒపెన్‌హైమ్‌దా?

మెట్టరైతు:
పశువుల ఎరువును పొలంలో చిమ్మే యంత్రాన్ని 1899లో అమెరికాలోని ఓహియో రాష్ట్రంలో జోసెఫ్ ఒపెన్‌హైమ్ అనే బడిపంతులు కనిపెట్టాడని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. అది సరికాదు. అంతకు ఇరవై నాలుగేళ్ల ముందే, 1875లో, కెనడాలో ఉంటున్న జోసెఫ్ కెంప్ ఆ బండిని రూపొందించాడు. తొట్టి అడుగున గొలుసులకు బిగించిన అడ్డపలకలు ఎరువును మెల్లగా వెనక్కి జరుపుతుంటే, వెనక పళ్లున్న దూలం గిరగిరా తిరుగుతూ గడ్డలను చీల్చి నేలమీద వేసేది. ఈ రెండింటినీ తిప్పేది బండి చక్రమే కనుక, మనిషి గుర్రాలను తోలుకుంటూ పోతే సరిపోయేది. మొదటివాడి పేరు మొదట ఉండాలి.

దూరపుగట్టు:
నిన్న రాసింది నేనే. కెంప్‌ను నేను కాదనలేదు. అయితే ఆ తరహా బండి, తొట్టి ఎంత వెడల్పు ఉంటే అంత పట్టీగానే ఎరువును రాల్చేది. మరియా స్టైన్ అనే చిన్న ఊళ్లో పాఠాలు చెప్పే ఒపెన్‌హైమ్, ఉక్కు ఇరుసుకు తెడ్లు బిగించి, అవి తిరిగినప్పుడు ఎరువు చక్రాల జాడ దాటి రెండు పక్కలా పడేలా చేశాడు. ఎరువు తోలే రోజుల్లో పెద్దపిల్లలు బడికి రాకపోవడం చూసి ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. ఆయన 1901లో పోయాక పెద్దకొడుకు, మొదటినుంచీ పనిచేసిన హెన్రీ సింక్‌తో కలిసి, ‘న్యూ ఐడియా’ పేరున్న ఆ బండ్ల తయారీని విస్తరించాడు. పొలమంతా పరచలేని దాన్ని పరిచే యంత్రం అని ఎలా అంటాం?

గొర్రు:
కెంప్‌కు ముందు కూడా తొట్టి అడుగు కదిలే ఎరువు బండ్లకు అమెరికాలో పేటెంట్లు ఇచ్చారు. మొదటివాడే కావాలంటే 1875 దగ్గర ఆగకూడదు.

మెట్టరైతు:
గొర్రు గారూ, పేటెంటు కాగితం వేరు, పొలంలో నడిచి రైతులు కొనుక్కున్న బండి వేరు. మొదట సరిగ్గా నడిచింది కెంప్ బండి. వెడల్పు అనేది తరువాత జరిగిన సవరణ.

దూరపుగట్టు:
అంటే కాగితం కాదు, పని జరగడమే లెక్క అని మీరే ఒప్పుకున్నారు. నేను అంటున్నదీ అదే.

మెట్టరైతు:
నేను ఒప్పుకోలేదు. నా మాటను మీకు అనుకూలంగా తిప్పుకోకండి. మా అన్న తన వర్క్‌షాపులో పాత నూర్పిడి యంత్రం గేర్లు, గొలుసులు తీసి ట్రాక్టరు ట్రాలీకి అమర్చి, ఎరువు దానంతట అదే వెనక పడేలా చేశాడు. ఒక కంపెనీవాళ్లు రెండుసార్లు వచ్చి, కొలతలు తీసుకుని, టీ తాగి వెళ్లారు. మరుసటి ఏడాది దానికే వెనక రెండు పళ్లేలు తగిలించి, తామే కనిపెట్టామని ప్రచారం చేసుకున్నారు. అడిగితే ‘మాది వెడల్పుగా చిమ్ముతుంది’ అన్నారు. మీ వాదన విన్న ప్రతిసారీ నాకు ఆ గొంతే వినిపిస్తోంది.

కొత్తసాలు:
దయచేసి ఇద్దరూ శాంతించండి. మాకు ఇద్దరి రాతలూ ఉపయోగపడుతున్నాయి.

దూరపుగట్టు:
మీ అన్నగారికి జరిగింది అన్యాయమే, అందులో రెండో మాట లేదు. కానీ నన్ను ఆ కంపెనీతో కట్టేయకండి. మా ఊళ్లో మగవాళ్లు బళ్లతో పెంట తోలి కుప్పలు పోసి వెళ్లిపోయేవారు. ఆ కుప్పలను గంపలకెత్తి చేనంతా చల్లే పని అమ్మది, నాది. బడి తెరిచేది మృగశిర కార్తెలోనే, వాన పడేలోగా ఎరువు చల్లాల్సిందీ అప్పుడే. తలమీద గంపలోంచి మురుగు చెవి పక్కగా కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. ఏడో తరగతిలో రెండు వారాలు ఆలస్యంగా వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. ఎరువును పొలం దాకా చేర్చడాన్ని అందరూ పని అంటారు, పరచడాన్ని మాత్రం సవరణ అంటారు. నాకు కోపం తెప్పించింది ఆ ఒక్క మాటే.

మెట్టరైతు:
అమ్మా, మీరు ఆడపడుచు అని తెలియక కటువుగా రాశాను, మన్నించండి. ఒపెన్‌హైమ్ పేరు తీసేయమని నేను కోరడం లేదు. ముందువాడి మీద వెనకవాడు గడ్డి కప్పకూడదన్నదే నా పట్టు.

దూరపుగట్టు:
అయితే ఒకటి అడుగుతాను. మీ అన్నగారి ట్రాలీ ఎంత వెడల్పున చిమ్మేది?

మెట్టరైతు:
ట్రాలీ వెడల్పే. పక్కలకు మా వదిన పారతో లాగి సర్దేది. అయినా 1875 అన్న సంవత్సరం మారదు.