సమస్య: కాలు విరుచు మనుచు గారవించె
(బెంగళూరు తెలుగువాళ్ళ పూరణలు; పేర్లకు బదులు వాళ్ళుండే పేటలు)

జయనగర్ (సమస్య ఇచ్చినవారు):
పోయిన ఆదివారం రంగశంకర నాటకశాలలో మా పాప ఇంగ్లీషు నాటకం. తెర లాగే ఆయన వచ్చి "బ్రేక్ ఎ లెగ్" అని పాప భుజం తట్టాడు. హిందూపురం నుంచి వచ్చిన మా అమ్మకు మనవడు దాన్ని "కాలు విరుచుకో" అని పదానికి పదం తెలుగు చేసి చెప్పాడు. అమ్మ ముఖం మాడిపోయింది. "రంగమెక్కే పిల్లతో ఇదేం మాట!" అని అక్కడికక్కడే మెటికలు విరిచి దిష్టి తీసింది. నాటకాల వాళ్ళు "గుడ్ లక్" అంటే అచ్చిరాదని ఇలా తిప్పి అంటారని చెప్పినా వినలేదు. ఆటవెలదిలో పూరించండి.

మల్లేశ్వరం:
తొడను జరచినట్టి దుర్యోధనుని జూపి
భీమునొద్ద జేరి వెన్ను దట్టి
ద్రుపదపుత్రి తాను దుఃఖమ్ము దిగమింగి
కాలు విరుచు మనుచు గారవించె

జయనగర్:
ధార బాగుంది, యతులన్నీ పడ్డాయి. కానీ గదాయుద్ధం దగ్గర ద్రౌపది లేదండీ, తన తొడ చరిచి భీముడికి సైగ చేసింది అర్జునుడు. పైగా ఇక్కడ నిజంగానే విరగ్గొట్టమన్నారు. మన సమస్యలో అది దీవెన.

వైట్‌ఫీల్డ్:
రంగమెక్కు వేళ రాకూడదని దిష్టి
కీడు పలుకుచుంద్రు గెలుపు కోరి
తెరను లాగువాడు దీవించి చిన్నారి
కాలు విరుచు మనుచు గారవించె

మారతహళ్ళి:
రెండో పాదం నాకు చాలా నచ్చింది అన్నా. కానీ "చిన్నారి" పక్కనే "కాలు" రావడంతో చిన్నారి కాలే విరవమన్నట్టు వినిపిస్తోంది. "దీవించి పాపను" అనండి, భగణం సరిపోతుంది.

ఇలాంటి మాటలు బతుకుతెరువు దగ్గర మరీ గుచ్చుకుంటాయి. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో మేనేజరు మా రూమ్మేట్‌తో "వుయ్ ఆర్ లెట్టింగ్ యు గో" అన్నాడు. సెలవు దొరికిందనుకుని వాడు సంతోషంగా బస్సు టికెట్ తీసుకున్నాడు. ఉద్యోగం పోయిందని సాయంత్రం నేను చెప్పాల్సి వచ్చింది. మనకూ ఉన్నాయిగా, దీపం ఆరితే కొండెక్కిందంటాం. నా పూరణ:

బియ్యమింట లేనివేళలో పెద్దమ్మ
నిండుకొనియె ననును నెమ్మదిగను
అదియె తీరు గాదె యాంగ్లనటు డొకండు
కాలు విరుచు మనుచు గారవించె

జయనగర్:
ఇది అమ్మకు చదివి వినిపించాను తమ్ముడూ. "నిండుకొనియె" దగ్గర ఆపి మళ్ళీ చదవమంది. కాసేపాగి, "అంతేనా ఆ మాట!" అంది. శనివారం రెండో ప్రదర్శన. పాపతో ఆ కాలు మాట తానే అంటుందట, ముందు మెటికలు విరిచాకే.