అప్‌డేట్: ఎంఈజీ సరిపడా పంపినా సబ్‌సీ లైన్‌లో హైడ్రేట్, కారణం దొరికింది

కాకినాడ దగ్గర లోతు సముద్రంలోని మా గ్యాస్ లైన్‌లో ప్రెషర్ డ్రాప్ పెరుగుతోందని, హైడ్రేట్ (గ్యాస్, నీరు కలిసి కట్టే మంచులాంటి గడ్డ) రాకుండా ఆపే ఎంఈజీ (మోనోఇథిలీన్ గ్లైకాల్) లెక్క ప్రకారం పంపుతున్నా అది ఎందుకు కడుతోందని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

లీన్ ఎంఈజీ (నీరు తీసేసి మళ్లీ లైన్‌లోకి పంపేది) శాంపిల్‌కి కార్ల్ ఫిషర్ టెస్ట్ (అందులో నీరెంతో తేల్చే పరీక్ష) చేయించమన్న సలహాతోనే చిక్కు వీడింది. గ్లైకాల్ 80 శాతం ఉండాల్సింది 65 దగ్గరే ఉంది, మిగతాదంతా నీళ్లు. ఫ్లో మీటర్ ఎన్ని లీటర్లు వెళ్లిందో చెప్తుందే గానీ అందులో గ్లైకాల్ ఎంతో చెప్పదు. వాడిన ఎంఈజీలోంచి నీటిని ఆవిరి చేసి తీసే రీజెనరేషన్ యూనిట్ విప్పి చూస్తే, దాన్ని వేడిచేసే రీబాయిలర్ ట్యూబులకి ఉప్పు పొర పట్టేసి ఉంది. బావి నుంచి ఫార్మేషన్ వాటర్ (భూగర్భ రాతిపొరల్లోని ఉప్పునీరు) రావడం మొదలైంది, ఆ ఉప్పే ఇది. వేడి అందక నీరు ఆవిరి కావట్లేదు.

లైన్‌కి అడ్డుపడ్డ హైడ్రేట్ ప్లగ్ కరిగించడానికి రెండు వైపుల నుంచీ నెమ్మదిగా ప్రెషర్ దించారు. ఒక్క వైపే దించితే ఆ గడ్డ తూటాలా దూసుకెళ్తుంది, ఎవరూ ఆ సాహసం చేయకండి. స్వచ్ఛమైన మీథేన్ అయితే 4 డిగ్రీల దగ్గర సుమారు 40 బార్ కంటే కిందకి దించితే చాలు. మా గ్యాస్‌లో కాస్త ప్రొపేన్ ఉంది కాబట్టి ఇంకా దించాల్సి వచ్చింది.

లైన్‌లో వ్యాక్స్ (మైనం) పేరుకుందేమో అన్న అనుమానం తప్పని తేలిపోయింది. ఎంఈజీ బదులు, హైడ్రేట్ కట్టడాన్ని ఆలస్యం చేసే కైనెటిక్ ఇన్హిబిటర్‌కి మారే ఆలోచన కూడా మానేశాం, మా సబ్‌కూలింగ్‌ని (హైడ్రేట్ కట్టే ఉష్ణోగ్రత కంటే లైన్ ఎంత చల్లగా ఉందో ఆ తేడాని) అది తట్టుకోదు. ట్యూబులు శుభ్రం చేశాక లీన్ ఎంఈజీ మళ్లీ 80 దాటింది. ఇప్పుడు ప్రతి షిఫ్టులో శాంపిల్ ల్యాబ్‌కి వెళ్తోంది.