30 ఏళ్ల కంటికి రెటీనా ఊడితే: బకిలా, విట్రెక్టమీనా?

పాతకాపు: కేసు ఇదీ, రెటీనా (కంటి వెనక తెర) ఊడింది. వయసు 30, సొంత లెన్స్, పవర్ మైనస్ 6. కింది భాగంలో చిన్న గుండ్రటి రంధ్రాలు, పీవీడీ (కంటిలోని జెల్లీ రెటీనా నుంచి విడిపోవడం) లేదు, మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా మధ్యభాగం) అతుక్కునే ఉంది. దీనికీ విట్రెక్టమీయేనా, అంటే జెల్లీ తీసేసి లోపల గ్యాస్ నింపడమేనా? ఈ వయసులో జెల్లీ రెటీనాను గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఒలవబోతే కొత్త చిరుగులు పడతాయి. బకిల్ చాలు: రంధ్రాల చుట్టూ క్రయో (గడ్డకట్టించి అతికించడం), కంటి బయటి గోడ మీద లోపలికి నొక్కేలా స్పాంజ్, రెండు మూడు కుట్లు. అంతే.

గాజుపొర: "అంతే"నా? డబుల్ విజన్, పెరిగే మైనస్ పవర్, ఏళ్ల తర్వాత బయటికి పొడుచుకొచ్చే బకిల్, ఇవి ఎవరి ఖాతాలో? 25 గేజ్ (సన్నటి పరికరాల) విట్రెక్టమీలో చాలాసార్లు కుట్టే అక్కర్లేదు.

పాతకాపు: పవర్ బాగా పెరిగేది చుట్టూ బ్యాండ్ వేస్తే. నేనన్నది ఒక ముక్క స్పాంజ్. గ్యాస్ పైకి తేలుతుంది, కింది రంధ్రాన్ని ఎలా మూస్తుంది? 14 శాతం సీ3ఎఫ్8 గ్యాస్ ఆరేడు వారాలుంటుంది, అన్నాళ్లూ విమానం వద్దు, మత్తుకి నైట్రస్ ఆక్సైడ్ వద్దు. ఆపైన శుక్లం.

గాజుపొర: శుక్లం దాదాపు ఖాయమయ్యేది 50 దాటినవాళ్లకి. 30లో కాదు.

బుడగ: న్యూమాటిక్ (జెల్లీ తీయకుండా గ్యాస్ బుడగ ఎక్కించి రంధ్రం మూయడం) ఎవరికీ గుర్తు రాలేదా?

పాతకాపు: అది పై భాగం రంధ్రాలకి. ఇవి కింద ఉన్నాయి బాబూ. 2007 ఎస్‌పీఆర్ (బకిల్‌నీ విట్రెక్టమీనీ పోల్చిన అధ్యయనం) చూడండి, సొంత లెన్స్ ఉన్న కళ్లలో చూపు బకిల్‌కే బాగా వచ్చింది.

గాజుపొర: అందులో తీసుకున్నవి మధ్యస్థంగా కష్టమైన కేసులు. మీ గుండ్రటి రంధ్రాలు కావు. ఊరికే వాడేయకండి.

పాతకాపు: ఇండైరెక్ట్ (తలకి తగిలించుకుని కంటి లోపల చూసే పరికరం) పెట్టి రంధ్రం వెతకడం రానివాళ్లకి విట్రెక్టమీయే ముద్దు.

స్లిట్‌ల్యాంప్: ఇక మొదలు.

గాజుపొర: సరే, అనేస్తున్నా. శిక్షణలో నాలుగు బకిళ్లు కూడా వేయనివాడు రెటీనా కింది నీరు తీయబోయి సూదిని కొరాయిడ్ (రెటీనా వెనకున్న రక్తనాళాల పొర) నాళంలో గుచ్చితే? రెటీనా కింద రక్తం చేరి మాక్యులా దాకా జారుతుంది. అలవాటైన ఆపరేషనే నయం.

పాతకాపు: అంటే గొడవ కంటి గురించి కాదు, చేతి గురించి. ఇన్ని పోస్టులు దండగ. చేతకాకపోతే వచ్చినవాళ్ల దగ్గరికి పంపండి. అసలు ఇలాంటి కేసుల్లో చాలావాటికి నీరు తీయనే అక్కర్లేదు, రంధ్రం బకిల్ మీద సరిగ్గా కూర్చుంటే రెటీనా వెనకున్న కణాల పొరే పంపులా ఆ నీటిని లాగేస్తుంది.

గాజుపొర: పంపేలోగా మాక్యులా ఊడితే?

పాతకాపు: డిమార్కేషన్ గీత (ఊడిన భాగం అంచున ఏర్పడే గీత) ఉందేమో చూడండి. ఉంటే అది నెలల నాటిది, రెండు రోజులు ఆగుతుంది. అదే పైన టెంపొరల్‌లో (కణత వైపు) హార్స్‌షూ (గుర్రపు నాడా ఆకారపు) చిరుగైతే ఎక్కడికీ పంపొద్దు. మీకొచ్చిందే చేసేయండి.