ఏడు కొమ్ముల దుప్పా, ఏడు పోరుల ఎద్దా? అమెర్గిన్ పాటలో ఒక్క మాట

పాతకాగితం:
ఒక పంక్తి చాలాకాలంగా వెంటాడుతోంది. ఐరిష్ పురాణగాథల్లోని కవి అమెర్గిన్ ఐర్లండు నేల మీద కుడికాలు మోపుతూ పలికిన పాటను ఎవరో తెలుగు చేయగా ఎక్కడో చదివాను. "సముద్రం మీది గాలిని నేను, మహాసాగరపు అలను నేను" అన్నంతవరకు స్పష్టంగా గుర్తుంది. ఆ తర్వాత "ఏడు" అనే మాటతో ఒక జంతువు వస్తుంది. అది దుప్పా, ఎద్దా? ఆ అనువాదం ఎవరిదో తెలిసినవారు చెప్పండి.

గౌతమీతీరం:
దుప్పే. సందేహం అక్కర్లేదు. ఆంగ్లకవి రాబర్ట్ గ్రేవ్స్ 1948లో "ఏడు రెమ్మల కొమ్ములున్న దుప్పిని" అన్నాడు. మన అనువాదకులు ఎక్కువగా చూసేది ఆయన పుస్తకాన్నే.

అమరం:
గ్రేవ్స్ గొప్ప కవి, కానీ ఈ పాటకు ఆయన సాక్ష్యం చెల్లదు. నెలకో చెట్టుగా తాను కల్పించుకున్న పంచాంగానికి సరిపోయేలా పంక్తుల వరుసనే మార్చుకున్నాడు. అంతకుముందే, 1904లో, ఐరిష్ గాథలను ఇంగ్లిష్‌లో తిరగరాసిన లేడీ గ్రెగరీ "ఏడు యుద్ధాల వృషభం" అని రాసింది. ఈ పాటను ఇంగ్లిష్ చేసిన మకాలిస్టర్‌దీ అదే దారి. మూలంలో ఉన్న మాట "దమ్". దీనికి మన దమ్యం దగ్గర చుట్టం. "దమ్యవత్సతరౌ సమౌ" అని అమరకోశం చెబుతున్నది కాడికి అలవాటు చేయాల్సిన కోడె గురించే. దమించడం అనే ధాతువు లోపల కూర్చుని ఉండగా అడవి దుప్పి ఎలా వస్తుంది?

లిఫీ ఒడ్డు:
నేను డబ్లిన్‌లో ఉంటున్నాను, ఇక్కడి భాష కొంత నేర్చుకున్నాను. నేటి ఐరిష్‌లోనూ ఎద్దును "దావ్" అంటారు, అమరం గారు చెప్పిన మాటే. అయితే పాత ఐరిష్‌లో "దమ్ అల్లద్" అంటే అడవి ఎద్దు, అంటే దుప్పి. సాలీడును ఇప్పటికీ "దవాన్ అల్లా" అంటారు, అడవి చిట్టి దమ్ అన్నమాట. కవిత్వంలో అల్లద్ జారిపోయి ఒట్టి దమ్ కూడా దుప్పి అవుతుంది. తొమ్మిదో శతాబ్దపు ఆ చిన్న పద్యం చూడండి: "స్కేల్ లెమ్ దూవ్, దోర్దద్ దమ్". "మీకో కబురు: దుప్పి అరుస్తోంది, చలికాలం మంచు కురుస్తోంది, వేసవి వెళ్లిపోయింది." పంక్తికి మూడేసి అక్షరాలు. అంత ఇరుకులో ఒక రుతువు మొత్తం మారిపోతుంది. ఆ పద్యమంటే నాకు ప్రాణం.

గౌతమీతీరం:
ఇంకేం కావాలి! చలికాలం మొదట్లో అరిచేది దుప్పే. ఎద్దు ఏడాది పొడుగునా అరుస్తుంది, అది కబురు కాదు.

అమరం:
ఆ పద్యంలో దుప్పి అని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ "దోర్దద్", అంటే అరుస్తోంది, అనే క్రియ తోడుంది. అమెర్గిన్ పాటలో ఆ తోడు లేదు. పైగా ఈ పాటకు పాత లేఖకులు పంక్తి పంక్తికీ టీక రాశారు. దమ్ దగ్గర వారు చెప్పిన కారణం బలం. బలానికి ఉపమానం ఎద్దు. దుప్పి అయితే వేగమో ఠీవో అనేవారు.

నల్లమల:
కొమ్ములు ధరించిన దేవుణ్ణి మరిచిపోతున్నారు. డెన్మార్కు బురదనేలలో 1891లో దొరికిన గుండెస్ట్రుప్ వెండి పాత్ర మీద దుప్పి కొమ్ములతో బాసిపట్టు వేసుకుని కూర్చున్న మూర్తి ఉంది, పక్కనే దుప్పి. మన మొహెంజొదారో పశుపతి ముద్రకూ దానికీ ఎంత పోలిక! ప్రాచీన ఐరోపా జాతులైన కెల్టులకు దుప్పి దైవం. ఏడు కొమ్ములంటే ఏడు లోకాలు, నా నమ్మకం అది.

అమరం:
నల్లమల గారూ, ఆ ముద్రకూ పాత్రకూ మధ్య సుమారు రెండు వేల ఏళ్ల ఎడం ఉంది. పైగా ముద్ర మీది మూర్తివి దున్నపోతు కొమ్ములని చాలామంది అంటారు. మీ పోలిక నిలిస్తే అది నా పక్షానికే వస్తుంది.

లిఫీ ఒడ్డు:
పారిస్‌లో నోత్రదామ్ కింద దొరికిన పడవవారి స్తంభాన్నీ తీసుకోండి. రోమన్ చక్రవర్తి తిబేరియస్ కాలంలో సేన్ నది పడవవారు నిలబెట్టినది. అందులో కొమ్ముల దేవుడు కెర్నున్నోస్ ఉన్నాడు, దుప్పి కొమ్ములకు కంటెలు వేలాడుతుంటాయి. అదే స్తంభం మీద "తర్వోస్ త్రిగరనుస్" కూడా ఉన్నాడు, మూడు కొంగలతో వృషభం. ఒకే రాయి మీద ఇద్దరూ. అక్కడి పాత కెల్టిక్ భాష గాలిక్‌లోని తర్వోస్, పాత ఐరిష్ తర్వ్ ఒకే మాట, వృషభం అని. వృషభమే చెప్పదలిస్తే కవికి ఆ మాట చేతిలో ఉంది, అయినా దమ్ అన్నాడు.

పాతకాగితం:
ఇవన్నీ విలువైన మాటలే. అనువాదం ఎవరిదో ఎవరికైనా గుర్తుందా?

తుంగభద్ర:
ముందు ఒక మాట. ఐర్లండు ఆక్రమణల గాథగా పదకొండో శతాబ్దంలో కూర్చిన "లెబర్ గబాలా"లోని ఈ పాటను "ప్రాచీన కెల్టుల పాట" అనేయడం తొందరపాటు. ప్రాచీన గ్రీకు, రోమన్ రచయితలెవరూ ఐర్లండు వారిని కెల్టులనలేదు. ఐరిష్, వెల్ష్, బ్రెటన్ భాషలను ఒక కుటుంబంగా పట్టి చూపించి, ఆ పేరు ఇటు మళ్లడానికి దారి వేసింది 1707లో వెల్ష్ పండితుడు ఎడ్వర్డ్ లూయిడ్.

లిఫీ ఒడ్డు:
పేరు తర్వాత వచ్చింది, భాషల చుట్టరికం ముందునుంచీ ఉంది. కెల్టుల పురోహితులైన డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టరనీ, కొందరు ఇరవై ఏళ్లు పద్యాలు కంఠస్థం చేస్తారనీ సీజర్ రాశాడు. మన వేదపాఠం తెలిసినవారికి ఇది వింత కాదు. ఐర్లండులో మాత్రం క్రైస్తవ మఠాల లేఖకుల చేతిలో పడ్డాకే పాటలు రాతకెక్కాయి. ఒక్క "దమ్" కోసం మనం ఇంతగా తన్నుకులాడటానికి అదే కారణం, పలికినవాడి గొంతు మనకు అందలేదు.

మల్లెతీగ:
అసలు అందం జంతువులో లేదు, "అమ్" అనే చిన్న మాటలో ఉంది. "అమ్ గైత్ ఇ ముర్." ఈ అమ్ మన అస్మి. "సరసామస్మి సాగరః", "పవనః పవతామస్మి" అన్న గీత చెవిలో మోగడం లేదా? కానీ ఒక తేడా ఉంది. గీతలో ప్రతి జాతిలోనూ శ్రేష్ఠమైనది నేను అంటాడు, మృగాల్లో మృగేంద్రుణ్ణి అంటాడు. అమెర్గిన్ ఎంచుకోడు. గాలి, అల, పంది, మడుగులోని సాల్మన్ చేప, అన్నీ తానే. ఋగ్వేదంలో "అహం మనురభవం సూర్యశ్చ" అన్న వామదేవుడు ఇతనికి ఇంకా దగ్గర. మనకు మరీ దగ్గర కావాలంటే కృష్ణశాస్త్రి ఉన్నాడు: "ఆకులో ఆకునై పూవులో పూవునై". తెలుగులో ఈ పాటకు సరైన గొంతు అదే. "గాలినై, అలనై" అని మార్చి చదువుకోండి.

గౌతమీతీరం:
కృష్ణశాస్త్రి పేరెత్తాక కాదనడం కష్టం. ఆ పాటలో "నై" పడిన ప్రతిచోటా మనిషి కొంత కరిగిపోతాడు.

అమరం:
అందుకే ఇక్కడ "నై" పనికిరాదు. కృష్ణశాస్త్రి ఆ అడవిలో దాగిపోవాలనుకుంటున్నాడు, ఇంకా కాలేదు, కావాలని కోరిక. అమెర్గిన్ దాక్కోవడానికి రాలేదు. పడవ దిగి ఒక దేశం నాదంటున్నాడు. అది హక్కు చాటే పలుకు. "గాలిని" అనే ఉండాలి.

మల్లెతీగ:
"గాలిని" అంటే పాఠకుడు ద్వితీయా విభక్తి అనుకుంటాడు. గాలిని ఏం చేశాడు అని క్రియ కోసం ఎదురుచూస్తాడు. "నేను" తగిలించక తప్పదు, తగిలిస్తే పంక్తి బరువెక్కుతుంది. మూలంలో అమ్ మొదటే పడుతుంది, ఒక్క అక్షరం, డప్పు మీద దెబ్బలా. తెలుగులో ఆ దెబ్బ పంక్తి చివరికి పోతుంది.

తుంగభద్ర:
"నేను గాలిని, నేను అలను" అని నేనును ముందు పెడితే దెబ్బ ముందే పడుతుంది. పాతకాగితం గారికి గుర్తున్న అనువాదంలో నేను చివర ఉంది కాబట్టి, ఆ అనువాదకుడు పాడుకోవడానికి రాసి ఉండాలి.

గౌతమీతీరం:
మరి అదే పాటలో వచ్చే "దేర్ గ్రేనే" సంగతేమిటి? గ్రెగరీ సూర్యుడి మెరుపు అంది, మకాలిస్టర్ మంచుబిందువు అన్నాడు. దేర్ అంటే కన్నీరు, గ్రేనే అంటే సూర్యుడి. సూర్యుడి కన్నీటిని మంచుబిందువు చేస్తే కవిత చచ్చిపోతుంది.

అమరం:
టీకలో అక్కడ చెప్పిన కారణం స్వచ్ఛత. స్వచ్ఛతకు మంచుబిందువే తగిన అర్థం. కన్నీరు అనగానే తెలుగు పాఠకుడు దుఃఖం వెతుక్కుంటాడు, ఆ పంక్తిలో దుఃఖం లేదు.